డిస్కు చివర దాగిందేమిటి?

ఇంటివాళ్లే నడుపుకునే ఫోటో స్టూడియోలో పనివాళ్లు పెద్దకోడలిని చాటుగా సీసీ కెమెరా అనేవారు. కూరలవాడి తూకాన్నీ, డాక్టరు రాసిన మందునూ, చివరికి కట్టుకున్నవాడి దగ్గునూ ఆమె ఒక పట్టాన నమ్మేది కాదు. ముందు కౌంటరు ఆమెది, వెనక గదిలో కంప్యూటరు చిన్నకోడలిది.

ఒక డిస్కు చెడినా ఫోటోలు పోకూడదని చిన్నకోడలు రెండు డిస్కులను జంట కట్టింది. ఏది దాచినా రెండింటిలోనూ పడుతుంది. అయితే డిస్కు మొత్తం చోటు కన్నా జంట చూపే చోటు కాస్త తక్కువగా ఉండటం పెద్దామె కంట పడింది.

"మిగతా చోటు ఏమైందే?"

"జంట కట్టే సాఫ్ట్‌వేర్ డిస్కు చివర్లో తన గుర్తు రాసుకుంటుంది అక్కా. దేనికి ఏది జోడీ, రెండూ ఒకేలా ఉన్నాయా లేదా అని. దాన్ని మనం ముట్టుకోం."

"ఓహో, ముట్టుకోమా!" అని నవ్వింది గానీ, ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నలుగురికీ కనపడని చోట ఈ పిల్ల ఏం దాస్తోంది?

సెలవు రోజున తాళం తీసుకుని వెళ్లి, ఆపి ఉన్న కంప్యూటరు నుంచి ఒక డిస్కు ఊడదీసి, ఇంట్లో తన ల్యాప్‌టాప్‌కు తగిలించింది. గుర్తు మొదట్లో కాక చివర్లో ఉంది కనుక అది మామూలు డిస్కులాగే తెరుచుకుంది. ఎంత వెతికినా పసిపిల్లలు, పాస్‌పోర్టు ముఖాలే. చెయ్యి ఊరుకోక, అడ్డంగా పడుకున్న కొన్ని ఫోటోలను నిలువుగా తిప్పి సేవ్ చేసి, డిస్కును మళ్లీ దాని చోట్లో పెట్టేసింది.

మర్నాడు విడ్డూరాలు మొదలయ్యాయి. ఒకే ఫోటో ఓసారి నిలువుగా, ఓసారి అడ్డంగా. ఒక పాప ముఖం సగం బూడిదరంగు. చివరనున్న గుర్తు మాత్రం రెండు డిస్కులూ ఒకటేనని చెబుతూనే ఉంది; దాన్ని నమ్మి కంప్యూటరు కాస్త ఈ డిస్కు నుంచీ, కాస్త ఆ డిస్కు నుంచీ చదువుతోంది.

"నే చెప్పలా? ఇందులో ఏదో తిరకాసుంది!" అంది పెద్దామె.

చిన్నకోడలు నిదానంగా అడిగింది. "అక్కా, ఈ ఫోటోలు తిప్పిందెవరు?"

పెద్దామె చూపు తప్పించింది. "అడ్డంగా ఉంటే చూసేవాళ్లకి మెడ పట్టెయ్యదూ?"

చిన్నకోడలు అరవలేదు. అక్క చెయ్యి పడని డిస్కులోని ఫోటోలను వేరేచోట భద్రపరిచి, జంటను కొత్తగా కట్టింది. ఈసారి గుర్తును డిస్కు మొదట్లో రాయించింది.

"ఇక ఇది ఇంకో కంప్యూటరులో ఊరికే తెరుచుకోదు. తెలియక ఎవరూ పాడుచెయ్యలేరు."

"ఎవరూ అంటే నేనేగా," అంటూ పెద్దామె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. ఫోటోలన్నీ తిరిగి ఎక్కేదాకా కదల్లేదు.

పాప ముఖం నిండుగా తెరమీదకు వచ్చింది. పెద్దామె కళ్లజోడు సవరించుకుని దగ్గరగా వంగింది.

"ముక్కు ఇంతకుముందూ ఇలాగే ఉందా?"