దస్తగీర్ ఉస్తరా కింద వైకుంఠం సార్ గొంతు

ఉప్పుగూడ వైకుంఠం సార్‌కు కత్తంటే భయం. ఆయన వంటింట్లోకి వస్తుంటే భార్య శారదమ్మక్క కత్తిపీట మీద గుడ్డ కప్పేది. అలాంటి మనిషి డాక్టరేట్‌కు ఎంచుకున్న విషయం హత్యలు! వకీలు చదువు చదివాడు గానీ, అదాలత్‌లో నిలబడితే గొంతు పెగలలేదు. మళ్ళీ యూనివర్సిటీకే పోయి పుస్తకాల మధ్య దాక్కున్నాడు. నేను పక్కింటివాణ్ణి. బడి చదువు అంతంతమాత్రం. ఆయన పుస్తకాలు అడక్కుండా పట్టుకుపోయి చదివి, అర్థమైనంత ఆయన మీదే ప్రయోగించేవాణ్ణి.

ఆయన్ని తొలిచేసేది ఒకటే ప్రశ్న. ఓర్చుకోలేని మాట పడి, ఒళ్ళు తెలియని కోపంలో మనిషిని చంపితే ఉరి వద్దు, శిక్ష తగ్గించండి అంటుంది చట్టం. కోపం చల్లారాక చంపితే మాత్రం హత్యే. మరి చల్లారిందో లేదో ఎట్లా తెలుస్తుంది? "చంపినవాడి నోట వినకుండా ఈ అధ్యాయం తేవద్దు" అన్నాడట ప్రొఫెసర్.

అలాంటివాడు బహదూర్‌పురాలో ఉన్నాడు. మంగలి దస్తగీర్. ఎన్నో ఏళ్ళ కింద ఒకరోజు, దుకాణంలో పొత్తుదారు బాబూమియా గిరాకీల ముందే, చనిపోయిన దస్తగీర్ తల్లిని అనరాని మాట అన్నాడు. దస్తగీర్ చేతిలో ఉన్న ఉస్తరా, గడ్డం గీసే కత్తి, మడిచాడు. పొదిలో పెట్టాడు. ముక్కాలిపీట ఎత్తి నెత్తి మీద కొట్టాడు. బాబూమియా మళ్ళీ లేవలేదు. సర్కారు వకీలు దాన్నే పట్టుకున్నాడు: కత్తి మడిచి దాచుకునే తెలివి ఉన్నవాడికి ఒళ్ళు తెలియని కోపమేమిటని. ఉరి తప్పింది. జైలు తప్పలేదు.

పంతొమ్మిదివందల నలభై మూడులో జైలు నుంచి బయటికొచ్చి దస్తగీర్ మళ్ళీ దుకాణం తెరిచాడు. జనం జుట్టు కత్తిరింపించుకునేవాళ్ళు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేవాళ్ళు. తల ఇస్తారు గానీ గొంతు ఎవరిస్తారు? గడ్డాలు లేక ఆ దుకాణం ఇవాళో రేపో మూతపడేలా ఉంది.

మేమిద్దరం వెళ్ళి సంగతి చెప్పాం.

"చెప్త సార్," అన్నాడు దస్తగీర్. "కాని కూసొని గడ్డం గీయించుకుంట అడుగు. బజారంత సూడాలె."

సార్ మొహం సున్నం కొట్టినట్టయింది. "గడ్డం పొద్దుగాలనే గీసుకున్న భాయ్."

"అబద్ధం సార్," అన్నాను. "గరుకుగ ఉన్నది. కూసోండ్రి. ఏమన్న అయితే పుస్తకం నేను రాస్త."

"నోర్ముయ్యిరా కిష్టిగా!"

అయినా కూర్చున్నాడు. ఆ అధ్యాయం మీద ఆయనకున్న పిచ్చి అలాంటిది. దస్తగీర్ నురగ పూశాడు. బయట జనం మూగారు. ఎదుటి దుకాణంలో బట్టలమ్మే బాబురావు గజం బద్ద పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కూరలమ్మే ఆగమ్మ గంప దించి, "ఓ సారూ, ఇంట్ల చెప్పే వచ్చినవా?" అంది.

ఉస్తరా చెంప దాటి గొంతు మీదికి వచ్చింది. సార్ కళ్ళు మూసుకుని, అదాలత్‌లో అడిగినట్టు పేరు, తండ్రి పేరు అడిగాడు.

"గివి గాదు సార్. అసల్ది అడుగు."

"బాబూమియా... మీ అమ్మను... ఆ మాట అన్నప్పుడు..." సార్ గొంతు గుటక వేసింది. ఉస్తరా కిందే వేసింది. "మీ మనసుల ఏమున్నది?"

ఉస్తరా ఆగింది. దస్తగీర్ దవడ బిగుసుకుంది. ఉస్తరా గొంతు మీంచి లేచింది. టక్కున మడత పడింది. పొదిలోకి పోయింది.

ఆ తరవాత ఏం జరుగుతుందో బజారులో అందరికీ తెలుసు. బాబురావు చేతిలో బద్ద కింద పడింది. దస్తగీర్ ముక్కాలిపీట వైపు చూశాడు. దాని మీద సారే కూర్చున్నాడు. నాకు వచ్చిన వేళాకోళాలన్నీ నాలుకకే అంటుకుపోయాయి.

దస్తగీర్ తన ఖాళీ చేతుల్ని చూసుకున్నాడు.

"సార్... ఉస్తరా నేను మడిచిన్నా?"

"మ... మడిచినవ్," అన్నాడు సార్ కళ్ళు తెరవకుండానే.

"యా అల్లా! నాకెరుకనే లేదు." దస్తగీర్ నేల మీద కూలబడ్డాడు. "మా తాత కొట్టి నేర్పిండు. గిరాకి మెడ మీదికెల్లి కన్ను మళ్ళితే ముందు ఉస్తరా మడవాలె. తుమ్మొచ్చినా, ఎవలన్న పిలిచినా గంతే. గా దినం గూడ చెయ్యే మడిచింది, నేను గాదు. అదాలత్‌ల గిది ఎట్ల చెప్పాల్నో తెల్వలే. మీకందరికి నా చెయ్యంటె భయం. నాకు గూడ గదంటేనే భయం సార్."

సార్ మెడ పైకెత్తాడు.

"మిగిలింది గూడ గియ్యి భాయ్. సగం గడ్డంతోని పోతె శారద ఇంట్లకు రానియ్యది."

దస్తగీర్ చేతులు కడుక్కుని ఉస్తరా తెరిచాడు. ఈసారి ఇద్దరికీ భయమే. అయినా మెల్లగా, పసిపిల్లకు స్నానం చేయించినట్టు, గడ్డం పూర్తి చేశాడు.

బాబురావు గడ్డం గోక్కుంటూ వచ్చాడు. "జర లే సార్. నాది గూడ మస్తు పెరిగింది." సార్ లేవబోయాడు. దస్తగీర్, నేను చెరో రెక్క పట్టుకుని లేపాం. బాబురావు కూర్చుని గడ్డం పైకెత్తాడు. "నేనేం అడగ దస్తగీర్. ఊకె గియ్యి."

చౌరస్తా దాటేదాకా సార్ నా భుజం వదల్లేదు.

"కిష్టిగా, నెత్తురేమన్న ఉన్నదా?"

"ఉన్నది సార్," అన్నాను. "లోపల్నే ఉన్నది."