బెల్లం మండీలో కామాక్షమ్మ టీచర్

మొన్న అలిపిరి దగ్గర తనిఖీ ముగించుకొని బస్సును ఘాట్ రోడ్డు మీదికి ఎక్కిస్తుండగా వెనకనుంచి కొత్తబెల్లం వాసన వచ్చింది. తిరిగి చూస్తే, నా పక్కవరుస మొదటి సీటులో ఒక ముసలిరైతు కండువామూటను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఈ ఏడు గానుగాడించి వండిన మొదటి బెల్లమట, కొండకు మొక్కుకున్నాడట. ఎవరూ అడగకుండానే పక్కనున్నాయనకు చెబుతున్నాడు. కొత్తబెల్లం వాసనకు అందరికీ నోరూరుతుంది. నాకు మాత్రం వీపుమీద చీమ కుట్టినట్టుంటుంది. ఆ వెంటనే కామాక్షమ్మ టీచర్ గొంతు వినబడుతుంది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. స్టీరింగుకు అలవాటుపడ్డ చేతికి కలం ఒక పట్టాన లొంగదు, అందుకే ఇంత ఆలస్యం.

నేను తిరుమల ఘాట్‌లో బస్సు నడుపుతాను. మా నాయన కూడా అక్కడే నడిపాడు. అందుకని మా ఇంట్లో కొండ డ్యూటీ అంటే ఉద్యోగం కంటే కాస్త ఎక్కువ. కొన్నేళ్ళ కిందట, ఎక్కేదారిలో ఒక మలుపు దగ్గర ముందు పోతున్న కారు ఉన్నట్టుండి ఆగింది. నేనూ ఆపాను. మళ్ళీ కదిలించబోతే ఇంజను ఆగిపోయి, బస్సు వెనక్కి జారింది. లోపల జనం గోవిందా గోవిందా అని ఒకటే అరుపులు. వెనక బంపరు పిట్టగోడకు ఆనుకొని బస్సు నిలిచింది. ఎవరికీ గీత కూడా పడలేదు, అందరూ దిగి నాకే దండం పెట్టి వెళ్ళారు. కానీ ఆ మరుసటి రోజునుంచి ఆ మలుపు వచ్చేసరికి క్లచ్ మీదున్న నా ఎడమకాలు వణకడం మొదలుపెట్టింది. పిక్కలో పుట్టి తొడదాకా పాకేది. డాక్టర్లు పరీక్షించి కాలు భేషుగ్గా ఉందన్నారు. చివరికి నేనే అడిగి చిత్తూరు రూటుకు మార్పించుకొని, కాపురం కూడా నాయనతో సహా చిత్తూరికి మార్చేశాను. డిపోలో నాకు ‘కొండ దిగినాయన’ అని పేరు పెట్టారు. మేనేజరు మంచివాడే, అయినా ఒక మాట చెప్పాడు: కొండ తోలేందుకు భయమైతే రేపు ఎక్కడైనా భయమే, కొన్నాళ్ళు చూసి స్టీరింగు మీదినుంచి దింపి డిపోలో వేరే పని ఇస్తామని. మా నాయన మాత్రం నేను ఇంట్లో ఉన్నంతసేపూ కొండమాట ఎత్తకుండా జాగ్రత్తపడేవాడు, నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

మా ఆవిడ సుగుణ చిత్తూరులోనే చదువుకుంది. హైస్కూల్లో తనకు లెక్కలు చెప్పిన కామాక్షమ్మ టీచర్ రిటైరయ్యాక యోగా నేర్పుతున్నారని విని, ఒకరోజు తెల్లవారుజామున నన్ను లేపి పంపింది. రహంతుల్లా సాయిబు గారి బెల్లం మండీ వెనక ఒక పొడుగాటి హాలు ఉండేది. సరుకు లేనప్పుడు సాయిబు దాన్ని టీచర్‌కు ఇచ్చేవారు, తాను కూడా మోకాళ్ళ నొప్పులని చెప్పి వెనకవరుసలో కూర్చొనేవారు. ఎంత కడిగినా ఆ గచ్చుకు బెల్లం వాసన పోయేది కాదు. వాసన ఉన్నచోట చీమలుంటాయి. కోరచాపల మీద ముప్ఫైమందిదాకా ఉన్నారు. వాళ్ళ ముందు, నల్లగా, పొట్టిగా, నేతచీర కట్టుకొని, పాతిన రాయిలా కదలకుండా కూర్చొని ఉన్న ముసలావిడే టీచర్.

“ఏం కావాలప్పా నీకు?” అని అడిగారు.

“భయం పోవాల టీచర్.”

“అది పోగొట్టే మందు నా కాడ లేదు. చీమలుండాయి. పండుకో.”

ఆ రోజు శవాసనంలో నేను శవంలా ఉన్నది ఒక్క నిమిషం. వీపుకింద చీమలు కుట్టడంతో లేచి కూర్చున్నాను. టీచర్ కళ్ళు తెరవకుండానే ఏమైందన్నారు.

“చీమలు కుడతా ఉండాయి టీచర్.”

“యాడ?”

“వీపుమీద.”

“కుట్టింది వీపుకా, నీకా?”

“రెండూ ఒకటే గదా?”

“అది తేల్చుకునేదానికే గదప్పా ఈడికి వచ్చేది. పండుకో మళ్ళా.”

ఇంటికొచ్చి సుగుణ మీద ఎగిరాను. బస్సు జారి భయపడినవాణ్ణి చీమలపుట్టలో పండుకోబెట్టే వైద్యం ఏమిటని. “రేపు కూడా పోయిరా,” అంది నింపాదిగా. పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. టీచర్ అడిగిన ప్రశ్న అరికాల్లో ముల్లులా ఉండిపోయింది.

హాలుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది షుగరుకు, నడుమునొప్పికి, ఒళ్ళు తగ్గడానికి వచ్చేవాళ్ళు. టీచర్ ఎవరినీ వద్దనలేదు. “ఒళ్ళు కుదురైతే ఊపిరి కుదురైతాది, ఊపిరి కుదురైతే మనసు కుదురైతాది,” అని అక్కడ ఆపేసేవారు. ఆ తర్వాత ఏమవుతుందని ఒకసారి అడిగితే, “ఆ తర్వాత నువ్వుండావు గదా, నేనెందుకు?” అన్నారు. చిన్నప్పుడు వాళ్ళ ఊరి గుట్టమీద ఉండిన ఒక స్వామి దగ్గర నేర్చుకున్నారట. ఆయన పేరేమిటంటే, “ఆయన చెప్పలా, నేను అడగలా,” అనేవారు. అబద్ధమాడకుండా ఉండడం, పరులది ఆశించకుండా ఉండడం, ఉన్నదానితో తృప్తిపడడం కూడా ఆమె దృష్టిలో ఆసనాలే. వాటిని వేయకుండా శీర్షాసనం వేసేవాణ్ణి చూసి, “తలకిందులుగా నిలబడిన గబ్బిలం కూడా యోగేనా అప్పా?” అని నవ్వేవారు. ఆ మాట నాకే తగిలింది. అప్పటికి నేను శీర్షాసనం నేర్చుకొని, డిపోలో నలుగురికి వేసి చూపించి వచ్చాను.

ఒకనాడు అందరూ వెళ్ళాక ధైర్యం చేసి అడిగాను. “టీచర్, ఆత్మసాక్షాత్కారమంటారు గదా, అది మీకు అయిందా?”

ఆమె చాప చుట్టుకుంటూ, “నువ్వు కొండ తోలినోడివి. కిందినుంచి సూస్తే కొండ కనపడతాది. పైకి పోయినాక ఏం కనపడతాది?” అన్నారు.

“కింద తిరుపతి కనపడతాది.”

“కొండ కనపడతాదా?”

“కొండమీదనే ఉంటాం గదా, ఇంక కొండ యాడ కనపడతాది?”

“అంతే మరి,” అని చాప నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. అయిందన్నట్టా, కాలేదన్నట్టా? అప్పుడు నాకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే కాస్త కోపం కూడా వచ్చింది.

భయం సంగతి మాత్రం ఆమె వదిలిపెట్టలేదు. ధ్యానంలో కూర్చోబెట్టి, ఆ మలుపును తలుచుకోమనేవారు. తలుచుకోగానే పిక్క అదిరేది. పొమ్మనొద్దు, రమ్మనొద్దు, ఇంటి అరుగుమీద కూర్చొని వీధిలో పోయేవాళ్ళను చూసినట్టు చూడమనేవారు. “కాలు భయపడతా ఉండాది. అది నీకు యెట్ల తెలిసింది? తెలుసుకునేది ఒకటుండాది గదా, దానికి భయముండాదేమో సూడు,” అనేవారు. చూడబోతే భయమే కనిపించేది, చూసేది కనిపించేది కాదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు నాకు కావలసింది ఒకటే: కాలు వణకకూడదు. అది తగ్గలేదు. అయినా ఆ కూర్చోవడంలో ఏదో రుచి తగిలి, పొద్దున్నే హాలుకు పోనిరోజు అన్నం తిననట్టుగా ఉండేది.

రెండో ఏడు చలికాలంలో టీచర్ కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు మేమెవరం పట్టించుకోలేదు. మోకాలిమీద చిన్ముద్రలో పెట్టిన చేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ ఉండడం ఒకరు చూశారు, తర్వాత అందరూ చూశారు. ఊళ్ళో తలా ఒక మాట. ఆసనం తప్పుగా వేసుంటుందని ఒకరు, శ్వాస ఎక్కువగా బిగబట్టి నరాలు చెడగొట్టుకుందని ఇంకొకరు. చిత్తూరులో ఒంట్లో ఏ భాగానికి ఏమైనా ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే. నేనూ చిత్తూరులో కాపురమున్నవాణ్ణే గదా. టీచర్ వద్దంటున్నా వినకుండా సాయిబు గారి కారులో ఎక్కించుకొని పుత్తూరు తీసుకెళ్ళాను. కట్టుకట్టే పెద్దాయన ఆ చేతిని మోచేతినుంచి వేళ్ళదాకా నొక్కి చూసి, ఆమెకు దండం పెట్టినట్టుగా వదిలేశాడు. “ఎముకైతే కట్టు కడతానప్పా. ఇది ఎముక పని కాదు. వేలూరికి తీసుకొనిపో,” అన్నాడు. వేలూరు ఆసుపత్రిలో మాత్రలిచ్చారు. తగ్గించుకుంటూ బతకడమే, పూర్తిగా పోయే జబ్బు కాదన్నారు. తిరిగొచ్చే దారిపొడుగునా టీచర్ కిటికీలోంచి చెరకుతోటలు చూస్తూ, ఈసారి బెల్లం ధర బాగుంటుందా అని సాయిబు గారిని అడుగుతూ కూర్చున్నారు.

ఆ తర్వాత హాలు పలచబడింది. నేర్పే మనిషికే లేని ఆరోగ్యం మనకేం వస్తుందని జనం మానేశారు. మాటవరసకు సంక్రాంతి పోనీ అన్నవాళ్ళు శివరాత్రి పోయినా రాలేదు. చివరకు సాయిబు గారు, నేను, ఒక పోస్టాఫీసు గుమాస్తా మిగిలాం. “బెల్లముండేకాడికే గదమ్మా ఈగలు,” అని సాయిబు గారు నొచ్చుకున్నారు. “చీమలు మాత్రం పోలా సాయిబూ, వాటికి విశ్వాసముండాది,” అని టీచర్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎవరినీ అనలేక కడుపులో కుక్కుకున్నదంతా ఆ రోజు ఆమెమీదే కక్కేశాను.

“ఇన్నేళ్ళు చేసినారే, దేనికి టీచర్? మీ చేతినే నిలబెట్టలేనిది నా కాలిని నిలబెడతాదా? నేను మళ్ళా కొండెక్కుతానని మా నాయన కనిపెట్టుకొని ఉండాడు. ఆయనకేమని చెప్పేది?”

సాయిబు గారు నా భుజంమీద చెయ్యి వేసి ఆపబోయారు. టీచర్ ఆయన్ను ఆగమని, తన కుడిచేతిని ఎత్తి నా ముందు పెట్టారు. అది గాలికి ఆకులా ఆడుతోంది. ఆమె కళ్ళు మాత్రం నామీదే ఉన్నాయి. ఆ కళ్ళలో బాధ లేదని అనను. బాధ ఉంది, కానీ తొణుకు లేదు.

“చెయ్యి వణకతా ఉండాది సీనప్పా. సూస్తా ఉండాను. నేను వణకడం లా,” అన్నారు. చేతిని మళ్ళీ ఒళ్ళోకి తీసుకొని, “చెయ్యి నిలబడాలని చేసింటే నిన్ననే మానేసి ఉందును. నీ కాలు వణకనీ. అది వణికితే నువ్వు బండి తోలకూడదని ఎవురు చెప్పినారు?” అని అడిగారు.

నాకు ఏడుపొచ్చింది. పక్కన ఇద్దరు మగవాళ్ళున్నారని కూడా చూడకుండా ఏడ్చాను. ఇన్నాళ్ళూ భయం పోయాక బస్సెక్కుదామని కాచుకున్నాను. ఏరు ఎండితే దాటుదామని ఒడ్డున కూర్చున్నవాడిలా ఉంది నా పని.

ఆ వారమే డిపోకు వెళ్ళి ఘాట్ డ్యూటీ అడిగాను. మేనేజరు ఖాళీ బస్సిచ్చి, పక్కన ఒక పాత డ్రైవర్ని కూర్చోబెట్టి, కొన్నాళ్ళు కొండకు తిప్పించాడు. మలుపు వచ్చిన ప్రతిసారీ కాలు వణికింది, ప్రతిసారీ బస్సు మలుపు తిరిగింది. పాత డ్రైవరు చూసి సరేనన్నాక జనంతో పంపారు. ఆ మొదటి ట్రిప్పుకు తిరుపతి బస్టాండులో బస్సు తీయబోతుంటే, సాయిబు గారు టీచర్‌ను చెయ్యిపట్టి ఎక్కించి, నా పక్కవరుస మొదటి సీటులో కూర్చోబెట్టారు. ఆయన కిందే నిలబడి చెయ్యి ఊపారు. నేను రమ్మనలేదు, ఆమె వస్తానని చెప్పలేదు. మలుపు దగ్గరపడేకొద్దీ పిక్కలో అదురు మొదలైంది. అరుగుమీద కూర్చొని చూసినట్టు చూశాను. కాలు వణుకుతోంది, గుండె కొట్టుకుంటోంది, అరచేతుల్లో చెమట. ఇవన్నీ ఒకరికి తెలుస్తున్నాయి. తెలుసుకుంటున్న ఆ ఒక్కటి మాత్రం ఎక్కడికీ జారలేదు. గేరు మార్చాను, బస్సు మలుపు తిరిగింది. చూశారా టీచర్ అన్నట్టు తిరిగి చూస్తే, ఆమె తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకొని ఉన్నారు. ఒళ్ళో చెయ్యి తనపాటికి తాను వణుకుతోంది.

పైన దిగేటప్పుడు, “ధ్యానమా టీచర్?” అని అడిగాను.

“ధ్యానమేందప్పా, నిద్రపోయినాను. నువ్వు తోలతా ఉంటే నాకేం పని?”

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా నాయన కొండమీద మంచు ఎట్లా ఉందని అడిగాడు. అంత మామూలు ప్రశ్న కోసం నేను ఎంతగా ఎదురుచూశానో ఆయనకు తెలుసు.

టీచర్ ఆ తర్వాత కొన్నేళ్ళున్నారు. చేతితో మొదలైంది మెడకు, మాటకు పాకింది. ఆఖరి రోజుల్లో పలుకు అర్థమయ్యేది కాదు, ఆ కళ్ళు మాత్రం మొదటిరోజు బెల్లం మండీలో చూసిన కళ్ళే. ఆమె పోయినప్పుడు ఇంటిముందు నిలబడి నేను బాగా ఏడ్చాను. ఆమెకు ఏమైందో, ఏది దక్కిందో చెప్పేంతటివాణ్ణి కాను. ఇప్పటికీ పొద్దున్నే చాప పరుచుకొని కూర్చుంటాను. చూసేదాన్ని చూడబోతే ఎక్కువరోజులు నిద్రో, డ్యూటీ చార్టో అడ్డమొస్తుంది. ఎప్పుడో ఒకసారి ఏదీ అడ్డం రాదు. అప్పుడు ఆమె చాప చుట్టుకుంటూ అన్న ‘అంతే మరి’ గుర్తొస్తుంది.

మొన్న ఆ మలుపు దగ్గర, బెల్లంమూట ముసలాయన ముందుకు వంగి నా ఎడమకాలినే చూస్తున్నాడు.

“ఏమప్పా, కాలు అట్ల వణకతా ఉండాది? ఒంట్లో బాగలేదా?”

“బాగుండాను పెద్దాయనా. వణికేది కాలే,” అన్నాను. “మీరు నిమ్మళంగా నిద్రపోండి.”

గేరు మార్చి మలుపు తిప్పాను. బస్సంతా బెల్లం వాసన.