పురుగు పట్టని మట్టి

మట్టి తవ్వే పని మొదలైన రోజు మధ్యాహ్నం తాళాల పిన్ని గేటుకు తాళం వేసి, పట్టుకుని లాగి చూసి, ఇంటికెళ్లి భోంచేసి పడుకుంది. లోపల మనుషులున్నారన్న సంగతి గమనించలేదు. నిజానికి గమనించకుండా ఉండటమే కష్టం. తెల్లటి ముసుగు దుస్తుల్లో పనివాళ్లు, ఒక పొక్లెయిన్, దాని పక్కన లారీ ఉన్నాయి. చుట్టూ గోడలు కూడా లేవు, వల కంచె ఒక్కటే. ఆ కంచె పట్టుకుని వాళ్లు కేకలు పెడుతుంటే దారినపోయేవాళ్లు కాసేపు నిలబడి చూసి, ఇదీ ఆ పనిలో భాగమే కాబోలనుకుని వెళ్లిపోయారు. పని చేయించే ఆవిడ, ఊళ్లోవాళ్లు మట్టి డాక్టరమ్మ అంటారు, కంచె దూకబోతే ప్యాంటు చిరిగింది. పిన్ని తీరిగ్గా లేచి, టీ తాగి వచ్చి, తాళం తీస్తూ మందలించింది.

“లోపలున్నామని ఒక్క మాట చెప్పొద్దూ!”

ఆవిడ తప్పేం లేదు, చేతికి పట్టిన అలవాటు. ఆ చోట మొన్నటిదాకా ఊరుమ్మడి హాలు ఉండేది. మీటింగులు, పెళ్లిళ్లు, ఓట్ల పెట్టెలు అన్నీ అందులోనే. అత్తగారి నుంచి తాళాల గుత్తి అందుకున్న నాటి నుంచీ తెరవడం, ఊడవడం, మూయడం పిన్ని పని. పైకప్పు కుంగి హాలు కూల్చేశారు. అక్కడే చిన్నపిల్లల బడి కడదామని మట్టి పరీక్ష చేయిస్తే, విషం బయటపడింది. ఆ మట్టంతా తవ్వి లారీల్లో తరలించే పనే ఇది.

ఎక్కడిదో ఎవరికీ చెప్పక్కర్లేదు. హాలు వెనక మందుల గది ఉండేది. ఊరందరి పొలాల్లో కొట్టే పురుగుమందు డబ్బాలు అందులోనే దాచేవారు. అడుగులు తుప్పుపట్టి ఊడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. మందు కొట్టొచ్చిన ప్రతివాడూ స్ప్రేయరు అక్కడే కడిగేవాడు. ఇక ఆ వాసనంటారా, ఊరికి అది వాసనలా కాక హాలులో ఓ భాగంలా అలవాటైపోయింది.

పిన్నికి మాత్రం ఆ గది వెనక నేల మీద మహా గురి. అక్కడి మట్టి తెచ్చి వేస్తే గులాబీకి చీడ రాదు, తొట్టిలోకి చీమ కూడా దిగదు. ముందు తన ఇంట్లో వేసుకుంది, తర్వాత అడిగినవాళ్లకి తట్టల కొద్దీ ఇచ్చింది, ఆఖరికి అడగనివాళ్ల గుమ్మంలో కూడా పోసి వచ్చింది. “పిన్ని హస్తవాసి!” అని ఊరంతా అంటుంటే కాదనడానికి నోరు రాలేదు. మందు ఇంకిన మట్టి కదా అని ఒకసారి అనుమానం రాకపోలేదు. మొక్కకి మంచి చేసేది మనిషికి చెడెలా చేస్తుందిలే అని సరిపెట్టుకుంది.

మర్నాడు మట్టి డాక్టరమ్మ మందుల గది ఉన్న చోటి వెనక గొయ్యి దగ్గర నిలబడి పిలిచింది.

“పిన్నిగారూ, ఇక్కడ నేలంతా దిగిపోయుంది. ఎవరో తవ్వుకెళ్లినట్టుంది. ఈ మట్టి ఏమైంది?”

“వానకి కొట్టుకుపోయుంటుందమ్మా.”

“వాన పార పెట్టి తవ్వదు కదండీ.”

పిన్ని నవ్వేసి ఇంటికొచ్చి అన్నం కలుపుకుంది. కళ్లముందు ఎదురింటి వదిన మనవడే కనబడుతున్నాడు. పాకే వయసు, పేరు బుడ్డోడు. వాళ్ల చిక్కుడు పాదులోని మట్టి గుప్పిళ్లతో నోట్లో కుక్కుకోవడం వాడికి ఇష్టం. “మా వదిన ఇచ్చిన మట్టి అంత రుచి మరి” అని వదిన మురిసేది. మొన్న పిన్నే స్వయంగా వాడి మూతి తుడిచి ముద్దు పెట్టుకుంది.

అన్నం ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి కడుక్కుని, తిన్నగా కంచె దగ్గరికి నడిచింది. డాక్టరమ్మ అంతా విని, కోప్పడకుండా అడిగింది.

“ఎవరెవరి ఇళ్లకి వెళ్లింది?”

“ఎవరింట్లో పూలు బాగున్నాయో చూసుకోమ్మా. అవన్నీ.”

లారీలు వెళ్లిపోయేలోపు మొత్తం వెనక్కి తేవాలంది డాక్టరమ్మ. చేతికి తొడుగులు, మూతికి మాస్కు ఇచ్చి ఇద్దరు పనివాళ్లను తోడు పంపింది. పిన్ని తోపుడుబండి వెంట గడప గడపకీ బయల్దేరింది. కొందరు నవ్వారు. కొందరు తొట్లు దాచేశారు. వీధి చివర టైలరు మిషను ఆపి, కళ్లజోడు పైనుంచి చూశాడు.

“పోసినప్పుడు మాస్కు లేదే పిన్నీ?”

ఆవిడ గులాబీ తొట్టి ఎత్తబోయింది. ఆయన లేచొచ్చి తన గులాబీలు తనే పీకి బండిలో వేశాడు. అది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఎదురిల్లే ఆఖరికి మిగిలింది. మిగలలేదు, మిగుల్చుకుంది.

వదిన గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. “ఏంటి వదినా ఈ వేషం, దొంగలా?” అని పకపకా నవ్వింది. పిన్ని మాస్కు కిందికి లాగి, గోడకేసి చూస్తూ, విషయం మొత్తం చెప్పింది. వదిన చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. లోపల్నుంచి కోడలు పరుగున వచ్చి పిల్లాణ్ని ఎత్తుకుని, వాడి నోట్లో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. వేలికి అంటుకుని నల్లగా కొంచెం మట్టి వచ్చింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

“తెలిసే ఇచ్చావా వదినా?”

“తెలీదు.” పిన్ని గోడ మీంచి చూపు తిప్పి వదినని చూసింది. “అనుమానం మాత్రం వచ్చింది. ఊరుకున్నాను.”

వదిన లేచి, గిల్లిన కాయలన్నీ తెచ్చి బండిలో కుమ్మరించి, తలుపు వేసుకుంది.

ఆసుపత్రిలో పిల్లాడి రక్తం తీశారు. ఇప్పటికైతే భయం లేదు, మళ్లీ మళ్లీ తెచ్చి చూపిస్తుండండి అన్నారట. అదీ టైలరు చెబితే తెలిసింది. ఆ ‘ఇప్పటికైతే’ పిన్ని గుండెల్లో ముల్లులా దిగబడింది. పొద్దున్నే లేచి ఎదురింట్లోంచి బుడ్డోడి గోల వినబడేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడేది. గోల వినబడ్డాక పొయ్యి వెలిగించేది.

మట్టి తీసిన ప్రతి పెరట్లోకీ డాక్టరమ్మ వేరేచోటి నుంచి కొత్త మట్టి తెప్పించి పోయించింది. వదిన వాకిట్లో పోసేటప్పుడు పిన్ని తన గుమ్మంలోంచే చూసింది. వీధి దాటడానికి ధైర్యం చాల్లేదు. వానలు వచ్చి వెళ్లాయి. కంచె తీసేశారు. వదిన మళ్లీ చిక్కుడు పెట్టుకుంది గానీ ఇటు తల తిప్పలేదు.

ఒక పొద్దున్న పిన్ని వాకిలి ఊడుస్తుంటే ఎదురుగా చెప్పుల చప్పుడైంది. వదిన. చంకలో బుడ్డోడు, చేతిలో తెంపుకొచ్చిన చిక్కుడు తీగ. తీగంతా నల్లగా పేనుబంక, ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట తిట్టే.

“చూడవమ్మా నీ వల్ల వచ్చిన ఈ కొత్త మట్టి నిర్వాకం! ఒక్క కాయ చేతికొస్తే ఒట్టు, అంతా పురుగులే తినేస్తున్నాయి.”

పిన్ని చీపురు కింద పెట్టి, తీగ అందుకుని, కదులుతున్న ఆ పురుగుల్ని చాలాసేపు చూసింది.

“ముందు వాటినే తిననీ వదినా, వాటికేం కాకపోతే అప్పుడు మనం తిందాం.”