బుధవారం చూసిన స్థలం

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్ళు ఉన్నాయనగా, ఒక వేసవిలో నన్ను జగ్దల్‌పూర్–కోంటా రోడ్డు మీద ఉన్న ఒక నగర పంచాయతీకి బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. ఇందులో తప్పు నాది, ఊరిది కాదు. నా హోదా సబ్ ఇంజనీరు. కొలతలు తీయడం, నక్షా గీయడం, అంచనా వేయడం, పని దగ్గర నిలబడడం మా వంతు. సంతకం పెట్టి ఒప్పుకోవడం పైవాళ్ళ వంతు. పొరపాటు జరిగితే మాత్రం మళ్ళీ మా వంతే.

నేను చేరేసరికే పంచాయతీ పరిషత్తు ఒక వినోద కేంద్రం కట్టాలని తీర్మానించి ఉంది. షటిల్ ఆడుకునే హాలు, క్యారమ్ గది, పత్రికలు చదువుకునే గది, ఆడవాళ్ళకు విడిగా వ్యాయామ గది, చుట్టూ ప్రహరీ. అధ్యక్షురాలు నెమ్మదస్తురాలు, కానీ ఈ విషయంలో పట్టుదల మనిషి. జగ్దల్‌పూర్‌లో ఉన్నవి మన ఊళ్ళో ఎందుకు ఉండకూడదని ఆమె ప్రశ్న. నాకూ నచ్చింది.

ఇలాంటి పనికి మొదటి మెట్టు స్థల పరిశీలన. బస్‌స్టాండు వెనక ప్రభుత్వ భూమి చూపించారు. నేను వెళ్ళింది బుధవారం. మధ్యలో ఒక పెద్ద చింతచెట్టు, దాని కింద రెండు మేకలు. ఇంకెవరూ లేరు. చెట్టు కింద నేల గడ్డి పరక మొలవనంత గట్టిపడి ఉంది. మనుషులు ఏళ్ళ తరబడి కూర్చుంటే తప్ప నేల అలా కాదని ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడికి తట్టాలి. మట్టి గట్టిది, పునాదికి అనుకూలం అని రాసుకున్నాను.

తర్వాత పంచనామా. ఊళ్ళో ఐదుగురిని పిలిచి, స్థలం ఖాళీగా ఉంది, ఎవరి వాడకంలోనూ లేదు అని రాసి, వాళ్ళ చేత సంతకాలు పెట్టించడం. టీ కొట్టు దగ్గర ఐదుగురు దొరికారు, పెట్టారు. వాళ్ళు అబద్ధం ఆడలేదు. బుధవారం అది ఖాళీ స్థలమే. చెట్టు కొట్టడానికి రెవెన్యూ అనుమతి ఆ పంచనామా బలం మీదే వచ్చింది.

ఆ ఊళ్ళో సంత ఆదివారం. మా ఆఫీసువాళ్ళు శనివారం సాయంత్రం బస్సెక్కి ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయి సోమవారం పొద్దున తిరిగి వస్తారు. నేనూ అంతే. ఏళ్ళ తరబడి ఆ ఆఫీసు నడిపించినవాళ్ళలో ఊరి సంత రోజు చూసినవాడు ఒక్కడూ లేడని తర్వాత లెక్క తేలింది.

నక్షా మాత్రం మనసు పెట్టి గీశాను. దాని సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది కిరండూల్‌లో. మా నాన్న అక్కడి ఇనుప గనిలో ఖనిజం తవ్వే షావెల్ యంత్రానికి ఆపరేటరు. కాలనీలో ఒక క్లబ్బు ఉండేది: పొడుగాటి వరండా, రెండు క్యారమ్ బల్లలు, విశాఖపట్నం రైల్లో ఒక రోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు. ఆదివారం నాన్న ఆ పేపరు చదువుతుంటే నేను వరండా స్తంభానికి ఆనుకుని కూర్చునేవాణ్ణి. నాన్న రిటైరు కాగానే క్వార్టరు ఖాళీ చేశాం. కంపెనీ ఇంటికి అదే నియమం. ఆ తర్వాత నాకు మా ఊరు అని చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు అక్కడికి వెళ్తే ఆ వరండాలో ఎవరి కోసం వచ్చావని అడుగుతారు. ఆ వరండాను నేను మరిచిపోలేకపోయాను. కాబట్టి పంచాయతీ కాగితం మీద వరండా పొడవు, స్తంభాల ఎడం, చదువుకునే గది కిటికీలు అన్నీ కిరండూల్ జ్ఞాపకం నుంచి దింపాను. సాంకేతిక మంజూరు, అంటే నక్షా, అంచనా సరిగ్గా ఉన్నాయని పై ఇంజనీరు ఇచ్చే ఆమోదం, ఒక్క ప్రశ్న లేకుండా వచ్చింది.

తొలకరికి ముందే చెట్టు కొట్టారు. వానల్లో పని సాగింది. ఒక శనివారం పునాది కాంక్రీటు ఆలస్యమై ఊళ్ళోనే ఉండిపోయాను. కొత్త కాంక్రీటుకు నీళ్ళు పడుతున్నారో లేదో చూద్దామని ఆదివారం పదిగంటలకు వెళ్తే, తవ్విన గుంతల గట్ల మీద, ఇనుప చువ్వల మోపుల మీద వంద మందికి తక్కువ కాకుండా జనం కూర్చుని ఉన్నారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, గంపలు, ఆకు దొప్పల్లో కల్లు. ఎవరూ ఏమీ అమ్మడం లేదు. కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

నేను ఫోనులో మా ఆవిడతో తెలుగులో మాట్లాడడం విని ఒకామె దగ్గరికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పేరు ఎర్రమ్మ. అందరితో హిందీలో నెట్టుకొస్తున్న మనిషికి తెలుగు వినపడితే ప్రాణం లేచొచ్చినట్టుంది.

"ఏంది సారూ, ఈడి చింతచెట్టు ఏం జేసిన్రు?" అని అడిగింది.

కొట్టేశామని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కొట్టేసిన చెట్టు మొద్దు పక్కన కూర్చుని విషయం చెప్పింది. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య గొడవల రోజుల్లో అడవి లోపలి ఊళ్ళు విడిచి రోడ్డు పక్కకు వచ్చిన కుటుంబాల్లో ఆమెది ఒకటి. ఊరు గొల్లపల్లి అవతల, వాగు దాటి. తల్లి, అక్క సమ్మక్క అక్కడే ఉండిపోయారు. తిరిగి వెళ్ళే ధైర్యం ఆమెకు రాలేదు. లోపల ఫోను పలకదు. ఆదివారం సంతకు లోపలివాళ్ళు వస్తారు, ఆ చెట్టు కింద తమవాళ్ళను కలుస్తారు. వానాకాలం వాగు నిండితే దసరా దాకా అవతలివాళ్ళకు రాకపోకలు ఉండవు.

"వాగు తీయంగానే మా అక్క వస్తది. చెట్టు చూసుకోనే వస్తది సారూ. ఇప్పుడు నన్ను యాడ ఎతుకుద్ది?"

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. చెట్టు మళ్ళీ మొలిపించలేను, కానీ గోడ జరపగలను. మంజూరైన నక్షాలో మార్పు చేస్తే కారణం రాసి, సవరించిన నక్షా పెట్టి, మళ్ళీ ఆమోదం తీసుకోవాలి. అసిస్టెంట్ ఇంజనీరు విసుక్కున్నాడు. మూడేళ్ళలో పెన్షన్ తీసుకునేవాడివి, ఈ తలనొప్పి నీకెందుకన్నాడు. అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి, పంచనామా తప్పని, తప్పు నాదని ఒప్పుకున్నాను. ఆమె ఒక ఆదివారం స్వయంగా వచ్చి చూసింది. మార్పుకు ఒప్పుకుంటూ ఫైలు మీద రాసింది. ప్రహరీని మొద్దు దగ్గర లోపలికి మడిచి, రోడ్డు వైపు తెరిచి ఉండేలా జాగా వదిలాం. మొద్దు చుట్టూ అరుగు కట్టించాను. అందుకోసం నా వరండా సగానికి తగ్గింది. మనసు చివుక్కుమంది, దాచుకోను.

సమ్మక్కకు దూరం నుంచి గుర్తు తెలియాలి కదా అని, సర్వేకి వాడే ఎర్ర తెల్ల చారల కర్రకు జెండా కట్టి అరుగు మీద పాతుదామన్నాను. ఎర్రమ్మ నవ్వింది. "జెండా జూస్తే రాదు సారూ. సర్కారోళ్ళు దిగిన్రనుకొని మర్లిపోతది."

దసరా వెళ్ళింది, వాగు తీసింది. అప్పటికి ప్రహరీ లేచింది, హాలు పైన నీలం రేకులు పడ్డాయి. ఆదివారాలు నేను ఇంటికి పోవడం మానేశాను. ఎర్రమ్మ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేది. మొదటి ఆదివారం సమ్మక్క రాలేదు. రెండో ఆదివారం వచ్చింది, వాళ్ళ వైపు ఆడవాళ్ళు నలుగురి మధ్య, అడుగులో అడుగు వేసుకుంటూ. అక్కచెల్లెళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నేను గేటు దగ్గర నిలబడి, నా అరుగు పనికొచ్చిందని సంతోషపడుతున్నాను.

కాసేపటికి ఎర్రమ్మే నన్ను పిలిచి చెప్పింది. కిందటి ఆదివారం కూడా వాళ్ళు వచ్చారట. సమ్మక్క ఒక్కతే కాదు, తల్లి కూడా. నడవలేని మనిషి, చిన్న కూతుర్ని చూడాలని పట్టుబట్టి, ముందు రోజే బయల్దేరి, దారిలో చుట్టాల ఇంట్లో పడుకుని వచ్చింది. రోడ్డు మలుపు దాకా వచ్చారు. అక్కణ్ణుంచి చెట్టు తల కనపడాలి. చెట్టు లేదు. పొడుగు గోడ, నీలం రేకులు కనపడ్డాయి.

"కొత్త పోలీసు క్యాంపు పడిందనుకున్నరు సారూ. మమ్మల్ని యాడికో తోలేసిన్రనుకున్నరు. ఆడి నుంచే మర్లిపోయిన్రు. నేను ఈడ్నే ఉన్ననని సంతకొచ్చినోళ్ళు జెప్తే అక్క మళ్ళ వచ్చింది. మా యమ్మ ఇగ లేవట్లేదంట. మళ్ళ నడవలేదు."

కట్టించేటప్పుడు నేను మొద్దు దగ్గర నిలబడి అన్నీ సరిచూసుకున్నాను. వాళ్ళు వచ్చే మలుపు దగ్గర నిలబడి ఒక్కసారి కూడా చూడలేదు. అక్కణ్ణుంచి అరుగు కనపడదు. ఆ మాట ఆమెకు చెప్పాను. చెప్పి, క్షమించమన్నాను.

ఆమె అక్క వైపు తిరిగి ఏదో అడిగింది, సమ్మక్క తలూపింది. ఎర్రమ్మ ఇంటికి వెళ్ళి ఒక చీర, ఉప్పు పొట్లం, మందులు సంచిలో పెట్టుకుని వచ్చింది. అన్నేళ్ళు వెళ్ళలేకపోయిన దారిలో, ఆ మధ్యాహ్నమే, ఆ ఆడవాళ్ళతో కలిసి బయల్దేరింది. "అమ్మ ఇగ రాలేదు గదా సారూ, నేనే పోవాలె," అంది. భయం లేదా అని అడిగాను. ఉందంది.

తర్వాతి ఆదివారం అరుగు మీద వేరేవాళ్ళు కూర్చున్నారు. ఆ పైవారమూ ఆమె కనపడలేదు. నెల తిరిగాక లోపలి నుంచి వచ్చిన ఒకామె కబురు తెచ్చింది. తల్లి ఉంది, మంచం మీదే ఉంది. ఎర్రమ్మ అక్కడ గుడిసె వేసుకుంటోంది. వినోద కేంద్రం పూర్తయింది. అందులో తెలుగు పేపరు రాదు, చదివేవాళ్ళు లేరు. సగమైన వరండాలో కూర్చున్న ఆదివారాలు నాకు కిరండూల్ గుర్తొచ్చేది కాదు. రోడ్డు మలుపు వైపే చూసేవాణ్ణి.

రిటైరయ్యాక కూడా కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు నక్షాలు చూపిస్తారు. నేను చెప్పేది ఒక్కటే. స్థల పరిశీలన నివేదికలో తేదీ పక్కన వారం కూడా రాయండి. అది సంత రోజు కాకపోతే, ఖాళీ అన్న మాట రాయకండి.