సముద్రంలో యాకోబు మావయ్య గ్యాసు

మొన్న మా ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ లీకు ఎక్కడుందో చూడ్డానికి గొట్టం మీద సబ్బునురగ రాయగానే, ఆ వాసనకి నాకు నవ్వు ఆగలేదు. తనని చూసి నవ్వాననుకుని నొచ్చుకున్నాడు పాపం. నాకు గుర్తొచ్చింది యాకోబు మావయ్య. అనకాపల్లిలో మా పక్కింట్లో ఉండేవాడు. ఊళ్లో సగం ఫ్రిజ్‌లు ఆయన చేతిమీద బతికినవే.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. నేను రోజూ విశాఖ వెళ్లి, సముద్రంలో నీరు ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టే పరిశోధన చేసేదాన్ని. ఆ లెక్కకి సాక్షి ఒకటుంది. పాత ఫ్రిజ్‌లలోంచి గాలిలో కలిసిన గ్యాసు నీళ్లలో కరిగి, ప్రవాహాలతో పాటు లోతుకు దిగుతుంది. ఏ లోతులో ఎంతుందో ఓడలవాళ్లు కొలిచారు. నా లెక్క దానితో కలవాలి. ఈ సంగతి మావయ్యకి చెప్పడం నా బుద్ధితక్కువ.

"అయితే ఇన్నేళ్లూ నేనొదిలేసిన గ్యాసంతా సముద్రంలో ఉన్నాదేటే?" అన్నాడు, ముఖం పాలిపోయి.

"నీ ఒక్కడిదే కాదు మావయ్యా, ప్రపంచమంతటిదీ!"

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఆదివారం ఫాదర్ గారి ముందు పాపం ఒప్పుకుని మరీ వచ్చాడు. "ఇలాటి పాపం ఎప్పుడూ ఇననేదన్నారు. మూడు జపాలు సెప్పమన్నారు. నేను ఆరు సెప్పేసేను. సబ్బవరం మెకానిక్కులయి కూడా కలిపి."

నవ్వులాట సరే, నాకు ప్రాణం మీదికొచ్చింది. నా లెక్కలో గ్యాసు చేరాల్సినదానికంటే ముందే అడుక్కి చేరిపోతోంది. మార్చిలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. పై నీళ్లూ కింది నీళ్లూ ఎంత కలవాలో చెప్పే అంకె ఒకటుంటుంది. దాన్ని కాస్త తగ్గిస్తే గ్రాఫులో నా లెక్క గీతా, ఓడలవాళ్ల కొలత గీతా అతుక్కుపోతాయి. తగ్గించేశాను. సంబరం పట్టలేక గోడ మీంచి మావయ్యకి చెప్పాను.

"లీకెక్కడో పట్టేవా?"

"లేదు. అంకె మార్చేను, కలిసిపోయింది."

"ఓసినీ! లీకు పట్టకుండా గ్యాసు కొట్టేవన్నమాట. పది రోజులు సల్లగుంటాది, పదకొండో రోజు పాలు ఇరిగిపోతాయి. అలాటోళ్లని మా లైన్లో దొంగంటారమ్మా."

దొంగ! ఒళ్లు మండిపోయింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజం కనకే అంత మండింది. చివరికి అంకె వెనక్కి మార్చి, గైడ్ గారి ముందు నిలబడి గడువు అడిగాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆరు నెలలు ఇప్పించారు. అయిదో నెలలో దొరికింది. సముద్రం అడుగున ఉండాల్సిన కొండవరస ఒకటి నా లోతుల ఫైల్లో చదునైపోయి ఉంది. అడ్డు లేక నీళ్లు గ్యాసుతో సహా దర్జాగా దాటిపోతున్నాయి. కొండని నిలబెట్టాక గీతలు దగ్గరకొచ్చాయి, ఒక్కచోట తప్ప. అక్కడ కలవలేదనే థీసిస్‌లో రాశాను.

డిగ్రీ వచ్చాక మావయ్యకి ఆ సంగతి చెప్పాను. "కలవనేదని నువ్వే రాసేవా? అయితే మిగతాదంతా నమ్మొచ్చు," అన్నాడు.

ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఏ వ్యాసం రాసినా, లెక్క కలవని చోటేదో మొదటి పేజీలోనే చెప్పేస్తాను. మా డిపార్ట్‌మెంట్‌లో నన్ను మొండిఘటం అంటారు. దొంగ అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అనలేదు.