కొట్టు నిండా మన మనుషులే

మా ఎదురింటి ముబీనాకు కుదురు లేదని తెనాలిలో మా వీధి వీధంతా చెబుతుంది. అన్నం తింటూ లేచి తిరుగుతుంది, ఫోన్లో మాట్లాడుతూ మెట్లెక్కి దిగుతుంది. అలాంటి మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్‌సైట్లు తయారుచేసే పని ఎలా పట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి. 2009 ఎండాకాలంలో మాత్రం ఆమె నిజంగానే కాలు కాలిన పిల్లి అయింది.

కారణం ఈపురుపాలెం కోటిబాబు. అక్కడి నేతపనివాళ్ల చీరలు అమ్మిపెట్టే మనిషి. ఆయనకు చేసిచ్చిన చీరల సైటే ముబీనా సొంతంగా చేసిన మొదటి పని. బెంగళూరులో కొట్టున్న ఒకావిడ దాని సంగతి విని, చూద్దామంటే పేజీ తెరుచుకోవడం లేదని కోటిబాబుకు ఫోన్ చేసింది. సాయంత్రం ఇంకోసారి చూస్తానని, అప్పుడూ రాకపోతే వేరేచోట కొనుక్కుంటానని చెప్పేసింది. ఆ బేరం పోతే మగ్గాలు ఆగుతాయి. నేసేవాళ్లు పవర్‌లూమ్‌లలో కూలికి పోవాలి.

ముబీనా ముందు నెట్‌ను తిట్టింది. తర్వాత ఫొటోలను అనుమానించి చిన్నవి చేసింది. పేజీ కదల్లేదు. లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. రేపల్లెలో ఉన్న చెల్లెలు సిమ్రాన్‌కు ఫోన్ చేసి అక్కడ తెరిపించింది. అక్కడా తెల్లటి తెరే. వాళ్లమ్మ అమీనా బీ పళ్లెం పట్టుకుని వెనకాలే తిరుగుతూ, "చీరలూ వాళ్లవే, కొట్టూ వాళ్లదే. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అంది. తిండి ముట్టని కూతుర్ని చూసి ఆవిడకు భయం వేసింది, అది ఇలా ఎగతాళిగా బయటికొచ్చింది.

చివరికి సైటుకు తగిలించిన ప్లగిన్‌లను ఒక్కొక్కటే ఆపి చూసింది. ప్లగిన్ అంటే సైటుకు అదనంగా ఒక పని నేర్పే చిన్న ప్రోగ్రాం. ఎంతమంది వచ్చారో పేజీ అడుగున చూపించేదాన్ని ఆపగానే చీరలన్నీ గబగబా తెర మీదికి వచ్చేశాయి. కొట్లోకి కొత్త మనిషి రాగానే గుమ్మంలో నిలబెట్టి, మొదటి రోజు నుంచి వచ్చినవాళ్లందరినీ మళ్లీ లెక్కపెట్టే గుమాస్తా లాంటిది అది. చవక సర్వరు ఆ బరువు మోయలేకపోతోంది.

కానీ ఆ అంకె ఉండి తీరాలని పట్టుబట్టింది కోటిబాబే. దాన్ని చూసుకునే మావాళ్లు ధైర్యంగా మగ్గాల మీద కూర్చుంటున్నారని పదేపదే చెప్పేవాడు. ఆయన్ని అడక్కుండా తీసేయడానికి ముబీనాకు మనసొప్పలేదు. ఫోన్ చేస్తే బాపట్ల నెట్ సెంటర్లో ఉన్నానన్నాడు. ఇది ఫోన్లో తేలే మాట కాదని, ప్లగిన్ మళ్లీ పెట్టేసి రైలెక్కింది. కూర్చోవడానికి చోటున్నా నిడుబ్రోలు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడిందట.

నెట్ సెంటర్లో అడుగుపెట్టి ఆగిపోయింది. కంప్యూటర్లన్నిటి ముందూ ఈపురుపాలెం వాళ్లే. అన్నిటిలోనూ తను చేసిన పేజీయే, కొన్నిటిలో తెరుచుకుని, కొన్నిటిలో ఇంకా తెల్లగా. మగ్గం మీదే జుట్టు నెరిసిన పున్నమ్మ మౌస్‌ను గట్టిగా పట్టుకుని ఆ పేజీనే మళ్లీ మళ్లీ తెరుస్తోంది.

"ఏంటన్నా ఇది?" అంది ముబీనా.

కోటిబాబు గొంతు తగ్గించాడు. "కొట్టు ఖాళీగా కనబడకూడదు కదమ్మా. బేరాల్లేని రోజున మన మనుషుల్నే కూర్చోబెట్టి చీరలు విప్పి చూపిస్తాం. లోపల జనముంటేనే దారినపోయేవాళ్లు తొంగిచూస్తారు. ఇదీ కొట్టేగా. మొదట్నుంచీ రోజూ కొందర్ని తీసుకొస్తన్నా."

ముబీనాకు కోపం, నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "అన్నా, మనవాళ్లే గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ఇంతమందిని లెక్కపెట్టలేకే పేజీ ఆగిపోతోంది. ఆ బెంగళూరావిడ బయటే ఉండిపోయింది."

కోటిబాబు తెర అడుగున ఉన్న అంకె వైపు చూశాడు. "ఇదంతా మేమేనా?"

"దాదాపు మీరేనన్నా."

ఆయన మొహం వాడిపోయింది. "ఆ అంకె తీసెయ్యమ్మా," అన్నాడు.

ముబీనా అక్కడే కూర్చుని తీసేసింది. ఎందుకైనా మంచిదని, సాయంత్రం దాకా ఎవరూ పేజీ తెరవొద్దని చెప్పింది. అందరూ బయట మెట్ల మీద చేరారు. పేజీ చూడాలని ముబీనా మనసు లాగుతోంది. దుపట్టా చివర వేలికి చుట్టుకుంటూ వీధి మలుపు దాకా వెళ్లడం, తిరిగి రావడం.

"ఎవరైనా వచ్చిందీ రానిదీ ఇక మనకెట్టా తెలుస్తది తల్లీ?" అని పున్నమ్మ అడిగింది. ముబీనా మళ్లీ మలుపు వైపు నడిచింది.

పొద్దు వాలాక కోటిబాబు ఫోన్ మోగింది. ఆయన లేచి నిలబడ్డాడు. "చెప్పండమ్మా. ఉందండి. ఎన్నైనా నేయిస్తామండి." ఫోన్ పెట్టేసి పున్నమ్మ వైపు తిరిగాడు. "పేజీ తెరుచుకుందంట పిన్నీ. నువ్వు నేసిన నెమలికంఠం రంగు చీర చూసి, అలాంటివే కావాలంటంది."

"ఎంతమంది వచ్చారంట?"

"ఆవిడొక్కతే పిన్నీ."

"నిజంగా వచ్చిందా?"

"నిజంగానే."

పున్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చాల్లే," అంది.

ఆవిడ పక్కన ఖాళీ ఉంటే ముబీనా వెళ్లి కూర్చుంది. రైలుకు వేళవుతోందని కోటిబాబు గుర్తుచేసినా వెంటనే లేవలేదు.