ఆమోసు మాస్టారి కారు మోత

చల్లపల్లి డ్రిల్లు మాస్టారు ఆమోసు గారిది పీలగొంతు. ఆయన పాత ఫియట్టుది మాత్రం పులిగొంతు. పంతొమ్మిది వందల డెబ్భై అయిదులో హనుమాన్ జంక్షన్ దగ్గర ర్యాలీ కార్ల మోత విన్నాక ఆయనకి నిద్ర పట్టలేదు. బెజవాడ ఆటోనగర్‌లో సైలెన్సరు కోయించి ఉత్త గొట్టం పెట్టించారు. ఎయిర్ ఫిల్టరు పీకించి రేకు గరాటా బిగించారు. కాలవగట్టు మీద ఆ మోతకి కొంగలు లేచిపోతుంటే మీసాల చాటున నవ్వుకుంటారు. ఆదివారం మాత్రం చర్చికి ఇవతలి వంతెన దగ్గరే ఇంజను ఆపేస్తారు. మోకాళ్ల నొప్పుల భార్య రూతమ్మ గారిని లోపల కూర్చోబెట్టి, కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని, ప్రార్థనకి అడ్డం రాకుండా చర్చి దాకా తోసుకొస్తారు.

మొన్న ఆదివారం వానకి చర్చి ముందే కారు బురదలో దిగబడింది. వంతెన దగ్గర మోత ఆగి, చర్చిలో పాట కూడా అయిపోయినా మాస్టారు రాకపోయేసరికి, పాస్టరు గారితో సహా అందరూ బయటికొచ్చి తోశారు. కారు కదల్లేదు.

“స్టార్ట్ చేయండి మాస్టారూ! అందరం ఇక్కడే ఉన్నాం, చర్చి లోపల ఎవరున్నారని?” అన్నారు పాస్టరు గారు రొప్పుతూ.

ఆమోసు గారు చర్చి వైపు చూసి గొంతు తగ్గించారు.

“ఆయనున్నాడు కదండీ.”